గోల్కొండలో మూడు చప్పట్లు

గోల్కొండ కోటకు వెళ్ళినవారెవరూ చప్పట్లు కొట్టకుండా తిరిగిరారు. బాలాహిసార్ దర్వాజా దాటి లోపలికి అడుగుపెట్టగానే గుమ్మటం కప్పిన ఒక మండపం ఎదురవుతుంది. దాని నడుమ నిలిచి అరచేతులు చరిస్తే ఆ ధ్వని కొండ శిఖరాన ఉన్న బారాదరి వరకూ వినబడుతుంది. కోటలోకి ఎవరు వస్తున్నారో పైనున్నవారికి తెలియజేయడానికి కుతుబ్ షాహీల కాలపు శిల్పులు చేసిన ఏర్పాటు ఇదని చెబుతారు. గైడ్లు తమ కథను ఇక్కడి నుండే ఆరంభిస్తారు. బడిపిల్లలు, కొత్త దంపతులు, దూరదేశాల నుండి వచ్చిన యాత్రికులు, అందరూ ఇక్కడ చప్పట్లు కొడతారు.

మేము ఈ కోటకు ఇంతకుముందు రెండు మార్లు వెళ్ళి ఉన్నాము. గడచిన శీతాకాలంలో మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మూడవ మారు వెళ్ళాము. ఆ ప్రయాణంలో మాకు తెలిసివచ్చిన విషయం ఎన్నో ముస్లిం కుటుంబాలకు పనికివస్తుందన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా తమ్ముని వయస్సు 42 సంవత్సరాలు. అతనికి ఆటిజం ఉన్నదన్న సంగతి 36వ ఏట గాని మాకు తెలియలేదు. అంతవరకు అతణ్ణి ఊరు ఒక పేరుతో, బంధువులు ఒక పేరుతో పిలిచారు. అమ్మీ మాత్రం ఏ పేరూ పెట్టలేదు. పండుగకు కుట్టించిన కొత్త బట్టలు వంటికి తగిలితే వాడు నేలపై పడి ఏడ్చేవాడు. అమ్మీ ఆ బట్టలను కుంకుడురసంలో మూడుసార్లు ఉతికి, మెడ దగ్గరి కుట్లను లోపలికి మడిచి, మెత్తబడిన తరువాతనే తొడిగేది. చప్పుళ్ళంటే వానికి అప్పట్లో భయం లేదు సరికదా, ఎంతో ఇష్టం. ఊరి పిండిమర గోడకు చెవి ఆనించి గంటలకొద్దీ కూర్చునేవాడు. వానికి 13 ఏళ్ళ వయస్సులో అబ్బాజాన్ మమ్మల్ని ఇద్దరినీ గోల్కొండకు తీసుకువెళ్ళారు. ఆ మండపంలో వాడు కొట్టిన చప్పట్లకు లెక్క లేదు. కావలి మనిషి వచ్చి మందలించేవరకు కదలలేదు. ఆనాడు వాని ముఖంలో కనిపించిన సంతోషం మాకు ఇప్పటికీ గుర్తుంది.

పెద్దయిన తరువాత అతనికి మా మదరసాలోనే పని దొరికింది. చినిగిన పుస్తకాలకు జిల్దు కట్టడం అతని వృత్తి. మైదాపిండిలో కొద్దిగా మైలుతుత్తం కలిపి జిగురు ఉడికించడం, దబ్బనంతో రంధ్రాలు చేసి దారంతో కుట్టడం, శికంజాలో బిగించి ఆరబెట్టడం, ఇవన్నీ ఇరవై ఏళ్ళుగా అతని చేతిలో ఉన్నవే. మా విద్యార్థులు చదివే పుస్తకాలలో అతని చేయి తగలనిది అరుదు. ఆ పని అతనికి భోజనం పెట్టింది, మర్యాదనూ తెచ్చింది.

నాలుగేళ్ళ క్రితం అమ్మీ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆ తరువాత అతనిలో మార్పులు మొదలయ్యాయి. ముందుగా ఇన్వర్టరు కూత సహించలేకపోయాడు. ఆపై స్టీలు పళ్ళేల చప్పుడు, కుర్చీలు ఈడ్చే చప్పుడు, మైకు. కొన్నాళ్ళకు ట్యూబులైటు కింద కూర్చోలేనన్నాడు. చివరకు ఇరవై ఏళ్ళు తానే ఉడికించిన జిగురు వాసనకు వాంతి చేసుకుని, జిల్దు గదిలోకి పోవడమే మానివేశాడు. విచిత్రమేమిటంటే, అదే సమయంలో పండుగకు తెచ్చిన కొత్త కుర్తాను ఉతకకుండానే తొడుక్కుని ఏమీ పట్టనట్టు తిరిగాడు.

ఇక్కడే మేము తప్పుడు నిర్ణయానికి వచ్చాము. చిన్ననాడు బట్టలను భరించలేనివాడు ఇప్పుడు భరిస్తున్నాడు, చిన్ననాడు చప్పుళ్ళను ప్రేమించినవాడు ఇప్పుడు పారిపోతున్నాడు. కనుక ఆనాటిదీ ఈనాటిదీ రెండూ మొండితనమే అని తీర్మానించాము. మా తర్కంలో లోపం మాకు కనిపించలేదు. పాతికేళ్ళుగా విద్యార్థులకు తర్కశాస్త్రం బోధిస్తున్న మాకు!

ఒక శుక్రవారం మస్జిదులో కొత్త స్పీకరు పెట్టెను రెండవ వరుస పక్కన బిగించారు. అది అతను ఎన్నో ఏళ్ళుగా కూర్చునే చోటు. ఖుత్బా నడుమ ఆ పెట్టె ఒక్కసారిగా కీచుమన్నది. అతను రెండు చెవులూ మూసుకుని, కూర్చున్నవారి భుజాలమీదుగా దాటుకుంటూ బయటికి పరుగెత్తాడు. కొందరు నవ్వారు, కొందరు కోపగించుకున్నారు. నమాజు ముగిసిన తరువాత మేము అందరి ఎదుటా అతణ్ణి నిలదీశాము. ఆ రోజు మేమన్న మాటలను ఇక్కడ రాయడానికి సిగ్గుపడుతున్నాము. అతను జవాబు చెప్పలేదు. ఆపై పదకొండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తన చేతిని తానే కొరుక్కున్న గాట్లను మా ఇంటివారు గమనించి మాకు చూపించారు. "అతను ఎందుకు పరుగెత్తాడో ఒక్కసారైనా అడిగారా?" అన్నారు. మేము అడగలేదు.

హైదరాబాదు ప్రయాణం ఆ ప్రశ్న నుండి పుట్టింది. అక్కడ పెద్దవారిలోని ఆటిజాన్ని చూసే వైద్యురాలు ఒకరున్నారని తెలిసి సమయం తీసుకున్నాము. వస్తావా అని తమ్ముణ్ణి అడిగితే, చాలాసేపు మౌనంగా ఉండి, "గోల్కొండ చూపిస్తే వస్తాను" అన్నాడు. చప్పుడంటే చెవులు మూసుకునే మనిషి చప్పట్ల కోటను ఎందుకు కోరాడో ఆ క్షణాన మాకు అర్థం కాలేదు.

కర్నూలు నుండి కాచిగూడకు

కర్నూలు నుండి హైదరాబాదుకు బస్సులకు కొదువ లేదు. అయినా అతను రైలునే కోరుకున్నాడు. మేమూ, అతనూ, మా పెద్ద కుమారుడూ ముగ్గురం బయలుదేరాము. ఊరు దాటగానే తుంగభద్ర వంతెన, ఆపై ఆలంపురం వైపు చదునైన పొలాలు, గద్వాల దాటిన తరువాత కృష్ణ. వంతెనమీద రైలు చేసే గంభీరమైన మోతకు అతను బెదరలేదు, కళ్ళు మూసుకుని హాయిగా విన్నాడు. కాని పక్క పెట్టెలో ఎవరో ఫోనులో పాట పెట్టి, తీసి, మళ్ళీ పెట్టేసరికి ఒళ్ళంతా బిగుసుకుపోయాడు. రైలు మోత ఫోను పాట కంటే ఎన్నో రెట్లు పెద్దది. బాధ ధ్వని పరిమాణంలో లేదనీ, అది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడంలో ఉన్నదనీ ఆ ప్రయాణంలోనే మాకు తోచి ఉండవలసింది. తోచలేదు.

మరునాడు వైద్యురాలిని కలిశాము. ఆమె మాతో మాట్లాడే ముందు గదిలోని ట్యూబులైటు ఆర్పి, కిటికీ తెర తొలగించి, ఫ్యాను వేగం తగ్గించారు. తమ్ముణ్ణి ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఈ గదిలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది ఇంకేమైనా ఉందా?" అన్నది. గోడ గడియారం వైపు చూపాడు. ఆమె దానిని తీసి బయట పెట్టించారు. ఆ తరువాత అతను అరగంటసేపు మాట్లాడాడు. ఇంట్లో ఆరు నెలలలో కూడా అన్ని మాటలు మాట్లాడి ఉండడు.

ఆమె వివరించిన విషయాలను సంగ్రహంగా చెబుతాము. ఆటిజం ఉన్నవారి మెదడు శబ్దం, వెలుతురు, స్పర్శ, వాసన, రుచి వంటి సమాచారాన్ని ఇతరులకంటే భిన్నంగా స్వీకరిస్తుంది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో ఈ పిల్లలను గూర్చి తొలిసారి విపులంగా రాసినప్పుడే, వారు పెద్ద శబ్దాలకూ కదిలే వస్తువులకూ ఎలా భయపడతారో పేర్కొన్నాడు. అయినా అమెరికా మనోవైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో దీనిని ఆటిజం లక్షణాలలో ఒకటిగా చేర్చింది 2013లో మాత్రమే. ఈ తీక్షణత ఒకే మనిషిలో ఒకే విధంగా స్థిరంగా ఉండదు. వయస్సుతో మారుతుంది. నిద్ర తగ్గితే, జబ్బు చేస్తే, దుఃఖం కలిగితే, అలవాటైన దినచర్య చెదిరితే పెరుగుతుంది. ఒక ఇంద్రియానికి ఊరట కలిగిన కాలంలోనే మరొకటి పదునెక్కవచ్చు. చిన్ననాడు బాధించినది పెద్దయ్యాక బాధించకపోవచ్చు, ఇష్టమైనది భరించరానిదిగానూ మారవచ్చు.

"కుండలో నీళ్ళు పోస్తున్నట్టు అనుకోండి. పొద్దుటి నుండి ఒక్కొక్క చెంబూ పడుతూనే ఉంటుంది. పొంగిపొర్లింది చివరి చెంబుతోనే అయినా, నింపింది అది ఒక్కటే కాదు కదా" అన్నారు ఆమె. శుక్రవారం నాటి స్పీకరు కూత మాకు జ్ఞాపకం వచ్చి తల దించుకున్నాము.

ఇంకొన్ని ఆచరణయోగ్యమైన సూచనలు కూడా చేశారు. పెద్ద వయస్సులో కొత్తగా వచ్చే మార్పును ఆటిజం ఖాతాలో వేసి ఊరుకోరాదు; చెవులు, పళ్ళు, తలనొప్పి, థైరాయిడ్ వంటివి పరీక్షింపజేయాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎంత నిద్ర తరువాత, దేనికి బాధ కలిగిందో ఒక పుస్తకంలో రాసుకోవాలి. రోడ్డు పనివారు పెట్టుకునే చెవి కప్పులు చప్పుడున్న చోట ఎంతో ఉపకరిస్తాయి. కాని నిశ్శబ్దంలో కూడా రోజంతా పెట్టుకుంటే చెవి మరింత సున్నితంగా మారే ప్రమాదం ఉంది. ఎక్కడికి వెళ్ళినా ముందుగా బయటపడే దారి చూసుకోవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటనీ, పెద్దవారు సైతం ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చనీ చెప్పారు.

ఆదివారపు కోట

ఇన్ని విన్న తరువాత కూడా మేము ఆదివారం నాడు, పదకొండు గంటల వేళ గోల్కొండకు బయలుదేరాము. ఊరికి తిరిగివెళ్ళే తొందర మమ్మల్ని తరిమింది. మెహదీపట్నం నుండి లంగర్ హౌజ్ మీదుగా ఫతే దర్వాజాకు చేరేసరికే ఆటోల హారన్లతో దారి కిక్కిరిసి ఉన్నది. 1687లో ఔరంగజేబు సేన ప్రవేశించిన ద్వారం ఇదే. ఎనిమిది నెలల ముట్టడికి లొంగని కోట, లోపలివాడే తలుపు తీసినందువల్ల పడిపోయింది.

కోట ముఖద్వారానికి పైన సున్నపుపనితో చేసిన సింహాకృతులూ నెమళ్ళూ ఇంకా నిలిచి ఉన్నాయి. తమ్ముడు వాటిని చూస్తూ నిలబడ్డాడు. చెవి కప్పులు పెట్టుకుని ఉన్నాడు. మండపంలోకి అడుగుపెట్టామో లేదో, ఒకేసారి మూడు బృందాలు చప్పట్లు మొదలుపెట్టాయి. పిల్లలు కేకలు వేశారు. గుమ్మటం ఆ ధ్వనినంతా కూడగట్టి నెత్తిన కుమ్మరించింది. మాకే చెవులు గింగురుమన్నాయి. తమ్ముడు మోకాళ్ళపై కూలబడ్డాడు. చేయి నోట్లో పెట్టుకుని కొరకసాగాడు. చుట్టూ జనం మూగారు. ఒకాయన నీళ్ళు చల్లబోయాడు, ఒకామె ఏవో దుఆలు చదివి ఊదసాగింది, ఇద్దరు కుర్రవాళ్ళు ఫోన్లు పైకెత్తారు.

మా పెద్ద కుమారుడే తెలివి తెచ్చుకున్నాడు. "దయచేసి దూరం జరగండి, అంతే చాలు" అని అందరికీ నమస్కరించి, బాబాయిని లేపకుండా, ముట్టుకోకుండా తన శాలువాను మాత్రం అతని తలమీద కప్పి పక్కన కూర్చున్నాడు. కొంతసేపటికి తమ్ముడు తనంత తానే లేచి గోడ వెంబడి నడుచుకుంటూ వెలుపలికి వచ్చాడు. మేము ఏమి చేశామంటారా? చేతులు కట్టుకుని నిలబడ్డాము. ఇన్నాళ్ళూ మాకు తెలిసిన మార్గం మందలింపు ఒక్కటే. అది పనికిరాదని తెలిశాక మా చేతిలో మరేమీ మిగలలేదు.

గుమ్మటాల తోటలో

బంజారీ దర్వాజా గుండా బయటికి వస్తే కుతుబ్ షాహీ సమాధుల తోట దగ్గరే. ఆ రాజవంశీకులు తమ సమాధులను బ్రతికుండగానే కట్టించుకున్నారంటారు. చతురస్రపు వేదిక, చుట్టూ కమానుల వరండా, పైన ఉల్లిగడ్డ ఆకారపు గుమ్మటం, లోపల నల్లరాతి సమాధి: ఇంచుమించు అన్నింటి నిర్మాణమూ ఇదే. హైదరాబాదు నగరాన్ని స్థాపించి, 1591లో చార్మినార్ కట్టించిన ముహమ్మద్ కులీ సమాధి వీటన్నిటిలోకీ ఉన్నతమైనది. ఇటీవలి సంవత్సరాలలో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు ప్రభుత్వంతో కలిసి ఈ తోటనూ బావులనూ బాగుచేసింది. ఆదివారమైనా తోట విశాలమైనది కావడంతో జనం పలుచగా చెదిరి ఉన్నారు.

ఎవరూ లేని ఒక చిన్న గుమ్మటంలోకి తమ్ముడు ప్రవేశించాడు. మేము గడప దగ్గర ఆగిపోయాము. కాసేపు లోపలి చల్లదనంలో నిలబడి చెవి కప్పులు తీసివేశాడు. నాలుకతో మెల్లగా 'టక్' అనిపించి, ఆ ధ్వని పైకి వెళ్ళి సన్నగిల్లి సమసిపోయేవరకు విన్నాడు. మళ్ళీ ఒకసారి. మళ్ళీ ఒకసారి. అలా ఎంతసేపు విన్నాడో చెప్పలేము. మేము గడియారం చూడలేదు.

బయట మెట్లమీద కూర్చున్నప్పుడు అడిగాము: "ఇది కూడా గుమ్మటమే కదా. అక్కడ పడిపోయావు, ఇక్కడ ఎలా నిలబడ్డావు?"

"ఇక్కడ నేనే చేశాను భాయీజాన్. ఎప్పుడు వస్తుందో నాకు తెలుసు."

చాలాసేపు చీమల బారును చూస్తూ ఉండి తిరిగి అన్నాడు: "అమ్మీ చెప్పేది. ఇప్పుడు కుక్కరు కూత వేస్తుంది బేటా అని చెప్పేది. ఇప్పుడు లైటు వేస్తున్నాను, ఇప్పుడు పళ్ళేలు కడుగుతున్నాను, రేపు చుట్టాలు వస్తారు. అన్నీ ముందుగా చెప్పేది. ఇప్పుడు ఎవరూ చెప్పరు. అన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి."

పాఠకులారా, అమ్మీ అలా చెప్పడం మేమూ విన్నాము. నలభై ఏళ్ళు విన్నాము. ముసలితనపు చాదస్తమనుకున్నాము. ఆ మాటలతో ఆమె తన కుమారుని చుట్టూ ఒక గోడ కట్టి ఉంచిందని ఎరుగము. ఆమెతోపాటు ఆ గోడ కూడా పోయింది. అతను మారిపోయాడని మేమనుకున్న దానిలో సగం, అతని చుట్టూ ఉన్న ఇల్లు మారిపోవడమే. మిగిలిన సగం వైద్యురాలు చెప్పినట్లు వయస్సు, దుఃఖం, నిద్రలేమి.

ఫిఖ్హ్ గ్రంథాలలో జమాఅతు నమాజును విడిచేందుకు అనుమతి ఇచ్చే కారణాల అధ్యాయం ఉంటుంది. తీవ్రమైన వాన, బురద, రోగం, భయం. ఏటా దానిని విద్యార్థులకు బోధిస్తున్నాము. వెనుక పసిబిడ్డ ఏడుపు వినబడినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తల్లి ఆందోళనను తలచి నమాజును సంక్షిప్తం చేసేవారన్న హదీసును ఎన్నోసార్లు వివరించాము. బురద ఒక కారణమని అంగీకరించిన మేము, చెవిలో బాణంలా దిగే కూతను కారణంగా అంగీకరించలేకపోయాము. బురద అందరికీ కనిపిస్తుంది, తమ్ముని బాధ అతనికి మాత్రమే తెలుస్తుంది. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక.

ఆ సాయంత్రం తమ్ముణ్ణి క్షమాపణ కోరాము. "శుక్రవారం నేను తప్పు చేశాను" అన్నాము. అతను తల ఊపి, "స్పీకరు చాలా దగ్గరగా పెట్టారు" అన్నాడు. ఆ తరువాత మా వైపు చూడకుండానే, "రేపు పొద్దున్నే కోటకు పోదాం. నేను పైన ఉంటాను. మీరు కింద కొట్టండి. మూడే" అన్నాడు. గోల్కొండకే ఎందుకు రావాలనుకున్నావని అడిగాము. "అది నాకు ఇష్టం కదా. పోయిందో ఉందో చూడాలి" అన్నాడు.

సోమవారపు కోట

తలుపులు తెరిచే వేళకే చేరుకున్నాము. సోమవారం ఉదయం. టికెట్ల కిటికీ దగ్గర పదిమంది కూడా లేరు. తమ్ముడు చెవి కప్పులు పెట్టుకుని, మా కుమారునితో కలిసి ఖాళీగా ఉన్న మండపాన్ని గబగబా దాటి కొండ ఎక్కసాగాడు. అతనికి దాహం త్వరగా తెలియదు. ఆకలి, అలసట వంటి లోపలి సంకేతాలు కూడా ఆటిజం ఉన్న కొందరికి మందంగా అందుతాయట. అందుచేత పది నిమిషాలకొకసారి నీళ్ళు తాగించమని కుమారునికి చెప్పి పంపాము. శిఖరానికి 360కి పైగా మెట్లు. ఆయుధాగారాన్ని, ఇబ్రాహీం మస్జిదును దాటి బారాదరి చేరాలి.

9 గంటల 50 నిమిషాలకు కొట్టాలన్నది ఒప్పందం. మేము మండపం నడుమ నిలబడ్డాము. యాభై దాటిన మదరసా ఉపాధ్యాయుడు, టోపీ, గడ్డం, చేతిలో గడియారం. పక్కనున్న గైడు ఒకరు వింతగా చూశారు. ఆయనకు సంగతి చెప్పి, పది నిమిషాలపాటు ఇంకెవరినీ కొట్టనివ్వవద్దని వేడుకున్నాము. ఆయన ఒక్క మాట కూడా అడగకుండా వెళ్ళి దర్వాజా దగ్గర నిలుచుని, వచ్చేవారిని మర్యాదగా ఆపారు. ఆయనకు అల్లాహ్ మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక.

సమయం కాగానే కొట్టాము. పది లెక్కించి రెండవది. పది లెక్కించి మూడవది. తరువాత చేతులు దించి నిలబడ్డాము. జీవితంలో ఎన్నో పరీక్షల ఫలితాల కోసం ఎదురుచూశాము గాని, అంత ఆత్రం ఎన్నడూ ఎరుగము. కొంతసేపటికి ఫోనులో సందేశం వచ్చింది. తమ్ముడే ఉర్దూలో రాశాడు: మూడు వచ్చాయి. చిన్నవి. బాగున్నాయి.

మోకాళ్ళు పట్టుకుంటూ మేమూ పైకి చేరాము. బారాదరి గోడ నీడలో కప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఒకవైపు గుమ్మటాల తోట, మరొకవైపు పొగమంచులో నగరం. ఈలోగా కింద బృందాలు వచ్చినట్టున్నాయి, చప్పట్లు ఒకటొకటిగా పైకి రాసాగాయి. తమ్ముడు చెవులు మూసుకోలేదు. "అక్కడ కొడుతుంది. ఇక్కడికి వచ్చేసరికి అలసిపోతుంది" అన్నాడు. పదమూడేళ్ళ నాటి ఆ నవ్వు కాదు గాని, నవ్వే. అరగంట తరువాత, "ఇక చాలు, పోదాం" అని తానే లేచాడు. దిగేటప్పుడు మండపం దగ్గర జనం నిండి ఉన్నారు. కప్పులు పెట్టుకుని, గోడవైపుకు ముఖం తిప్పుకుని, నూరు అడుగులు లెక్కపెడుతూ దాటాడు. మేము అతనికి ముందు నడుస్తూ, "ఇప్పుడు కొడతారు, ఇప్పుడు ఆగారు" అని చెబుతూ వచ్చాము.

ఇంటికి వచ్చిన తరువాత

అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధమవుతుంది. చెవి, పంటి పరీక్షలు చేయించాము. ఏళ్ళుగా దాచుకున్న పంటినొప్పి ఒకటి బయటపడింది. దానికి చికిత్స జరిగిన తరువాత నిద్ర కొంత మెరుగయింది. జిగురు వాసనను అతను ఇప్పటికీ భరించలేడు. అందుచేత జిల్దు పనిని రెండు భాగాలు చేశాము. కుట్టు, కోత, బిగింపు అతనివి. జిగురు ఉడికించడం, పూయడం పెరటి వరండాలో ఇద్దరు పెద్ద విద్యార్థులు చేస్తారు. వారికి పని నేర్పేవాడు తమ్ముడే, కిటికీ అవతల నుండి. నెలకు ఇంతకుముందు కట్టినన్ని పుస్తకాలు కట్టడం లేదు. అయినా పొద్దున్నే గది తాళం తానే తీస్తున్నాడు.

మస్జిదు కమిటీ పెద్దలతో మాట్లాడి స్పీకరు పెట్టెను ఎత్తు మీదికి మార్పించాము, ధ్వని తగ్గించాము. ఇది జరిగాక ఇద్దరు వృద్ధులు వచ్చి, తమకూ ఇన్నాళ్ళూ తల దిమ్ముగా ఉండేదని చెప్పారు. తమ్ముడు చివరి వరుసలో తలుపు పక్కన నిలబడతాడు. కొన్ని శుక్రవారాలు వస్తాడు, కొన్ని శుక్రవారాలు రాలేక ఇంట్లో జుహర్ చదువుకుంటాడు. రాని నాడు మేము కారణం అడగము.

అతను పుస్తకంలో రాసుకునే పట్టికను వారానికొకసారి ఇద్దరం కలిసి చూస్తాము. ఎండాకాలం రాగానే వెలుతురు బాధ పెరిగింది, చప్పుడు బాధ కొంచెం తగ్గింది. గత నెల నుండి కొత్త సబ్బు వాసన చేరింది. నిరుడు పనిచేసిన ఉపాయం ఈ ఏడు పనిచేయకపోవచ్చు. అప్పుడు మళ్ళీ మొదటి నుండి అడగాలి. అతను మారినప్పుడల్లా మేమూ మారవలసిందే. దీనికి ముగింపు లేదని తెలుసుకోవడమే మాకు కొంత ఊరట.

మీ ఇంటిలోనో, మీ వీధిలోనో ఇటువంటివారు ఉండవచ్చు. నిన్న ఓర్చుకున్నదానిని నేడు ఓర్చుకోలేకపోతే అది నటన అని తొందరపడి తీర్పు చెప్పకండి. మేము చెప్పి, పదకొండు రోజుల మౌనాన్ని కొనితెచ్చుకున్నాము. ముందు కారణం అడగండి. జవాబు రావడానికి సమయం పట్టినా వేచి ఉండండి.

ఈ వ్యాసం రాస్తుండగా వంటింట్లో నుండి మా చిన్న కుమార్తె గొంతు వినబడుతోంది: "చాచా, మిక్సీ వేస్తున్నాను." పక్కగదిలో దబ్బనం ఆగింది. మిక్సీ తిరిగింది, ఆగింది. దబ్బనం మళ్ళీ మొదలయింది.